పదకొండు మంది స్టార్లు కాదు, పదకొండు పనులు

జార్జ్ క్లూనీ, బ్రాడ్ పిట్, మాట్ డేమన్ ముఠా మళ్లీ కలుస్తుందన్న కబురు ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అది వినపడిన ప్రతిసారీ అభిమానులు కొత్తగా ఎవరెవరు చేరతారో జాబితాలు రాసుకుంటారు. ఆ ముఠా దొంగతనాల కథలైన ‘ఓషన్స్’ సినిమాలను ఇంతకన్నా తప్పుగా అర్థం చేసుకోవడం కష్టం. పోస్టర్ మీద తలకాయల లెక్కే ఈ సిరీస్‌ను నడిపించి ఉంటే, తలలు పెరిగేకొద్దీ వసూళ్లూ పెరగాలి కదా. జరిగింది వేరు. 2001లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన ‘ఓషన్స్ ఎలెవన్’ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 45 కోట్ల డాలర్లు తెచ్చింది. 2004లో వచ్చిన ‘ట్వెల్వ్’ 36 కోట్ల దగ్గర ఆగింది. అల్ పచీనోను తెచ్చి నిలబెట్టినా 2007లో ‘థర్టీన్’ 31 కోట్ల దగ్గరే ఉండిపోయింది.

కథ తెలిసిందే. జైలు నుంచి బయటికొచ్చిన డానీ ఓషన్ (క్లూనీ) లాస్ వేగస్‌లో బెలాజియో, మిరాజ్, ఎంజీఎం గ్రాండ్ కేసినోల డబ్బంతా దాచే ఒకే ఖజానాను బాక్సింగ్ పోటీ రాత్రి ఊడ్చేస్తాడు. ఎవరి చేతిలో ఏం పెట్టారన్నదే అసలు సంగతి. కార్ల్ రైనర్ వేసిన సాల్ ముసలాయన. ఆయుధాల వ్యాపారినని చెప్పుకుని తన పెట్టెను ఖజానాలో పెట్టిస్తాడు. ఒళ్లు ఎలా కావాలంటే అలా వంచగల యెన్ డబ్బు తోసుకెళ్లే బండిలో ముడుచుకుని లోపలికి చేరతాడు. బాషర్ ఊరంతా కరెంటు తీసేస్తాడు. లివింగ్‌స్టన్ సెక్యూరిటీ తెరల మీద దొంగ వీడియో నడిపిస్తాడు. ముందే పేకాట బల్ల దగ్గర ఉద్యోగంలో చేరిన ఫ్రాంక్, యజమాని బెనెడిక్ట్ ఎదుట కావాలని రభస చేస్తాడు. ఆ రభసలోనే, ప్రభుత్వ అధికారి వేషంలో ఉన్న లైనస్ బెనెడిక్ట్ జేబులోని కోడ్ కొట్టేస్తాడు.

వీళ్లలో ఒక్కరు తప్పుకున్నా దొంగతనం అక్కడే ఆగిపోతుంది. సాల్ పని బ్రాడ్ పిట్ చేయలేడు, ఆ వయసు, ఆ దర్పం అతని దగ్గర లేవు. యెన్ పని క్లూనీ చేయలేడు, ఆ బండిలో పట్టడు. మరి హీరో క్లూనీ ఏం చేస్తాడు? ఎక్కువ భాగం ఎరగా ఉంటాడు. బెనెడిక్ట్ చూపంతా తన మీద, తన మాజీ భార్య టెస్ మీద ఉండేలా చూసుకుంటాడు. హీరో గొప్పతనమంతా పక్కవాళ్ల పనికి చోటు ఇవ్వడంలో ఉన్న కమర్షియల్ సినిమా ఇది. బార్‌లో కూర్చుని డానీ పది మంది చాలంటాడు, రస్టీ (పిట్) నోరు విప్పడు, సరే ఇంకొకణ్ని తెద్దామని డానీయే అంటాడు. ఆ చిన్న సీన్‌లో కూడా లెక్క వేస్తున్నది మనుషులను కాదు, మిగిలిపోయిన పనిని.

అక్కడా అందరూ సాధుజీవులేం కాదు. స్టార్లు పారితోషికం తగ్గించుకున్నారు, జూలియా రాబర్ట్స్‌కు స్క్రిప్ట్‌తో పాటు క్లూనీ 20 డాలర్ల నోటు పంపాడని సరదాగా చెప్పుకుంటారు. కానీ పేరు ఎక్కడ వేయాలన్న పేచీతో డాన్ చీడిల్ పేరు ‘ఎలెవన్’ టైటిల్స్‌లో అసలు లేదు. అయినా బాషర్ పాత్రలో కోత పడినట్టు తెర మీద ఎక్కడా అనిపించదు. పేచీ టైటిల్ కార్డు దగ్గరే ఆగిపోయింది.

‘ట్వెల్వ్’కు ఇప్పుడు అభిమానులు పెరిగారు. అది కావాలనే అల్లరిగా, యూరోపియన్ సినిమాలా తీసిందని, జూలియా రాబర్ట్స్ వేసిన టెస్ వెళ్లి జూలియా రాబర్ట్స్‌లా నటించడం గొప్ప చమత్కారమని వాళ్ల వాదన. చమత్కారమే, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు కొట్టేయాల్సిన ఖరీదైన కళాఖండం, ఆ అసలు గుడ్డును ముందే, రైల్లోనే మార్చేశారని చివర్లో చెబుతారు. అంటే అప్పటిదాకా మనం టెన్షన్‌తో చూసిన హడావిడంతా ఉత్తుత్తిదే. ముఠాలో సగం మంది జైల్లో కూర్చుంటారు. స్టార్లున్నారు, పని లేదు. ఇక 2018లో వచ్చిన ‘ఓషన్స్ 8’ పనులు చక్కగానే పంచింది గానీ, ఎదురు నిలిచే బెనెడిక్ట్ లాంటివాడు లేక చప్పబడింది.

ఇదంతా చదివి హాలీవుడ్ స్క్రీన్‌ప్లే మహిమ అనుకునేవాళ్లు 1957 నాటి ‘మాయాబజార్’ మళ్లీ చూడాలి. నా దృష్టిలో అది తెలుగులో వచ్చిన అతి గొప్ప దోపిడీ సినిమా. ఎత్తుకెళ్లాల్సింది పెళ్లికూతురిని. ప్లాన్ కృష్ణుడిది. పని ఘటోత్కచుడిది. పడుకున్న శశిరేఖను మంచంతో సహా లేపేస్తారు, ఆమె స్థానంలో నకిలీని పెడతారు. పెళ్లివారి కోసం మాయ విడిది కడతారు. ఓషన్ ముఠా నకిలీ ఖజానా కట్టి వీడియో తీయడానికి 44 ఏళ్ల ముందే చినమయ బృందం గింబళి, గిల్పం పరిచి కూర్చుంది. రస్టీ సినిమా అంతా ఏదో ఒకటి నములుతూనే ఉంటాడని జనం మురిసిపోతారు గానీ, దోపిడీ మధ్యలో విందు మొత్తం ఒక్కడే లాగించిన ఎస్వీ రంగారావు ముందు అదెంత!

అసలు విషయం పాత్రల పంపకం. భారత కథ, కానీ పాండవులు తెర మీదకే రారు. అక్కినేనికి దక్కింది అభిమన్యుడు, కథ మధ్యలో అతనికి పెద్దగా చేయాల్సిందేమీ లేదు. ఎన్టీఆర్ కృష్ణుడు అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు చిరునవ్వుతో నిలబడతాడు. సగం హాస్యం సావిత్రిది, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా. రేలంగి, రమణారెడ్డి, సీఎస్ఆర్, సూర్యకాంతం, ఛాయాదేవి... ఒక్కరిని తీసేయండి చూద్దాం.

ఆ పంపకం మనం పోగొట్టుకున్నాం. ఇప్పటి మల్టీస్టారర్లలో ముందు డేట్లు కుదురుతాయి, తర్వాత కథ వెతుకుతారు. ఒకరికి ఎంట్రీ ఫైట్ ఉంటే రెండో వాళ్లకూ ఉండాలి. ఒకరు ఏడిస్తే ఇంకొకరూ ఏడవాలి. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ అంత పెద్ద హిట్టయినా, మా హీరోకి తక్కువైందన్న గొడవ అభిమానుల్లో ఆగలేదు. పాత్రను నిమిషాల్లో కొలిచే చోట దోపిడీ కథ బతకదు. ఆ కథలో రెండు నిమిషాలు కనిపించే ముసలాయన చేతిలోనే తాళం ఉండొచ్చు. 2013లో ‘స్వామి రారా’ దొంగిలించిన విగ్రహం చుట్టూ అంత హుషారుగా తిరగగలిగిందంటే, కాపాడుకోవాల్సిన పెద్ద ఇమేజ్ అందులో ఎవరికీ లేకపోవడమే కారణం.

పెద్ద హీరో వేలు పెట్టిన దొంగతనం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ప్లాన్ అతనిదే, తాళం తీసేది అతనే, కాపలావాళ్లను కొట్టేది అతనే, దొరికిన డబ్బు పేదలకు పంచేదీ అతనే. ముఠా మాత్రం ఉంటుంది, పాటలో వెనక వరుసలో స్టెప్పులేయడానికి.