అప్పుల్లో ఉన్నవారి ఫోనుకే అప్పు ప్రకటనలా?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాలను 50 శాతానికి పెంచినప్పుడు నెల్లూరు, ప్రకాశం తీరంలోని రొయ్యల రైతులకు కంటిమీద కునుకు లేదు. మేత బాకీ ఎట్లా తీర్చాలా అని టెన్షన్ పడే రైతు రాత్రిపూట ఫోన్‌లో ‘అర్జెంటు లోను’ అని వెతికితే చాలు, ఆ తర్వాత వీడియో మధ్యలో, వార్త మధ్యలో అప్పు ప్రకటనలు వెంటపడతాయి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని ఇబ్బంది ముందుగా వ్యాపారులకు తెలిసిపోతోంది.

ఆండ్రాయిడ్, ఐఫోన్లలో ప్రకటనల కోసమే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏం చూశాం, ఏం కొన్నాం, ఎక్కడ తిరిగాం అన్న వివరాలను యాప్‌లు దానికి జతచేస్తాయి. మనం పేజీ తెరవగానే, సెకను కూడా గడవకముందే, అందులోని ప్రకటన చోటు వేలానికి వెళ్తుంది. పాటలో పాల్గొనేవారి చేతికి మన వివరాలు అందుతాయి. పాట గెలవనివారికి కూడా!

ప్రకటనలే వద్దని మేము అనడం లేదు. పత్రికలు నడిచేది కూడా వాటితోనే. కానీ ట్రంకు రోడ్డు మీద బట్టల కొట్టు బోర్డు అందరికీ ఒకేలా కనిపిస్తుంది, చూసేవారి జేబు తడమదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలకు 2025 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అందులోనూ కంపెనీల ప్రధాన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. ఇంత తాపీ ఎవరి కోసం?

18 ఏళ్లలోపు పిల్లల కదలికలను గమనించి వారికి ప్రకటనలు గురిపెట్టడాన్ని ఈ చట్టం కొన్ని మినహాయింపులతో నిషేధించింది. మంచిదే. పదో తరగతి ఫలితాలు రాకముందే కాలేజీల నుంచి ఫోన్లు అందుకునే తల్లిదండ్రులకు పిల్లల వివరాలు ఎంత సులువుగా చేతులు మారతాయో తెలుసు. పెద్దల విషయంలో మాత్రం సమ్మతి ఉంటే చాలంటోంది చట్టం. ఆరోగ్యం, మతం వంటి సున్నితమైన వివరాల ఆధారంగా ప్రకటనలు గురిపెట్టవద్దని యూరప్ చట్టం ఆన్‌లైన్ వేదికలను కట్టడి చేసింది. మన చట్టంలో సున్నితమైన సమాచారమన్న విభజనే లేదు. జబ్బును, అప్పును చూసి ప్రకటన పంపడాన్ని పెద్దల విషయంలోనూ నిషేధించాలి. సమ్మతి తీసుకున్నా సరే, అది తప్పే.

అసలు ఆ సమ్మతి ఎలాంటిది? పేజీలకు పేజీలు ఇంగ్లిషు, కింద ‘ఒప్పుకుంటున్నాను’ అనే బటన్. కోరితే నోటీసు తెలుగులో ఇవ్వాలని, ఇచ్చినంత తేలిగ్గా సమ్మతి వెనక్కి తీసుకునే వీలుండాలని చట్టమే చెబుతోంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ మహిళలు సారాపై తిరగబడ్డారు. చదివి అర్థం చేసుకుంటే జనం ఏం చేయగలరో ఈ జిల్లా చూసింది.

కాబట్టి గడువు ముగిసేదాకా ఆగకుండా బ్యాంకులు, రుణ యాప్‌లు, కాలేజీలు ఇప్పుడే తేట తెలుగులో నోటీసులు ఇవ్వాలి. ‘వద్దు’ బటన్ కూడా ‘ఒప్పుకుంటున్నాను’ పక్కనే, అంతే పెద్దగా ఉండాలి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించే వీలుంది. ఆ పని ఎలా చేయాలో గ్రామ సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్లు జనానికి చూపించేలా నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లు ఆదేశాలివ్వాలి.