ఇల్లుటం వచ్చిన వాషింగ్ మిషన్ గారికి

మహారాజశ్రీ వాషింగ్ మిషన్ గారికి,

హనుమకొండ నుంచి మీ సేవకురాలు రాయునది. వెనక వరండాలో మీరు క్షేమమని తలుస్తాను. నా క్షేమం సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

2023 ఉగాదికి వచ్చారు మా ఇంటికి. ఇల్లుటం వచ్చిన అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. మీకు విడిగా నల్లా, విడిగా ప్లగ్గు, కూర్చోవడానికి విడిగా స్టాండు. బకెట్లో వేసే మామూలు పొడి మీకు పడదు. తాగేది కొద్ది నీళ్లే కాబట్టి నురగ కక్కుతారు. అత్తమ్మ తెలియక గుప్పెడు వేసిన రోజు వరండా అంతా నురగే. పని అయ్యాక మీ నోటి చుట్టూ ఉన్న రబ్బరు మడత తుడవాలి. గాలాడేలా తలుపు తెరిచి ఉంచాలి, లేకపోతే బూజు వాసన. మా పిల్లల మూతి కూడా నేను ఇంత శ్రద్ధగా తుడవలేదు. పైగా మా బోరు నీళ్లకు మీ హీటరు మీద సున్నం పేరుకుంటుందట, దానికీ మందు పొడి నేనే తేవాలి.

మీ టైము సంగతి. తెర మీద 'ఒక్క నిమిషం' అని చూపిస్తారు. ఆ నిమిషం ఏడు నిమిషాలు నడుస్తుంది. ఘన్‌పూర్ కూడా రాకముందే ఫోన్లో "కాజీపేట దాటిన" అని చెప్పేవాళ్లను చూశాను కానీ, ఆ విద్య మీకు ఎవరు నేర్పారో! అంతా అయ్యాక కూడా తలుపు తాళం వెంటనే తీయరు. కింద పడిపోయిన పిల్లాడి సాక్సు పట్టుకుని నేను అద్దం ముందు నిలబడితే, లోపల దాని జోడు నన్ను చూస్తూ తిరుగుతుంటుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. మీ గొప్పంతా ఆరబెట్టడంలో ఉందని చెప్పి, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టించి మా ఆయన మిమ్మల్ని తెచ్చారు. ఎక్కడికి? మే నెలలో 43, 44 డిగ్రీలు కాసే ఊరికి. డాబా మీద దండేనికి ఈ చివర లుంగీ వేసి, ఆ చివర చీర వేసి వచ్చేసరికి లుంగీ అప్పడమయ్యే ఊరికి. మీరు మొదటిసారి వేడెక్కిన రోజు అత్తమ్మ చాలాసేపు చూసి, "గింత ఎండ పెట్టుకొని కరెంటుతోని ఆరబెట్టుడేంది బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆరబెట్టేటప్పుడు కూడా మీరు నీళ్లు తాగుతారని ఆ తర్వాత తెలిసింది. బట్టల్లోంచి వచ్చే ఆవిరిని చల్లబరచి నీరు చేయడానికి మీ జాతిలో చాలామందికి చల్లటి నల్లా నీళ్లు కావాలట. తడి పోవడానికి నీళ్లు! ఇంకో రహస్యం మీ ఒంటి మీద స్టిక్కర్లోనే ఉంది. ఉతికేది ఎనిమిది కిలోలు, ఆరబెట్టేది ఐదు. అంటే మిగతా మూడు కిలోలు బకెట్లో వేసుకుని నేను మెట్లెక్కాలి. దండెం పీకేస్తానన్న మా ఆయన ఇప్పుడు దానికి కొత్త తీగ కట్టారు. వరంగల్లు కొత్తవాడలో నేసిన జంపఖానా సంగతి అడగనే అక్కర్లేదు. ఈ ఊరి ప్రత్యేకత అని జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన సరుకు అది, మీ కడుపులో పట్టదు. తడిస్తే ఇద్దరం మోయాలి.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నుంచి వచ్చిన మూటను చూడకుండా మీలో వేశాను. తప్పు నాదే. అత్తమ్మ కొంగు ముడిలో పసుపు ఉంది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కదా, ఆయన తెల్ల చొక్కాలు నాలుగు ఎర్రగా బయటికొచ్చాయి. జాడిస్తే ఎరుపు పోయి పసుపు మిగిలింది. మిమ్మల్ని ఇంకో రెండుసార్లు తిప్పాను. కదల్లేదు. అత్తమ్మ ఏమీ అనకుండా వాటిని తడిపి డాబా మీద పరిచింది. పసుపు మరక ఎండకు నిలవదు. మూడు రోజుల్లో మరక వెలిసింది. ఆ మూడు రోజులూ ఆవిడ మీ వైపు చూసిన చూపు మీకు గుర్తుందో లేదో.

వానాకాలంలోనైనా మీ అవసరం పడుతుందనుకున్నాను. 2023 జులైలో వరంగల్లు వీధులు కాల్వలైనప్పుడు ఇంటినిండా తడి బట్టలే. కుర్చీల మీద, తలుపుల మీద, ఫ్యాన్ రెక్కల మీద కూడా. మీ రోజు వచ్చిందని బటన్ నొక్కాను. కరెంటు లేదు. ఫ్యాను తిరగదు, మీరు తిరగరు, వాన ఆగదు. చివరికి మీ తలుపు మీద కూడా ఒక టవల్ ఆరేశాం. అలా పనికొచ్చారు.

అబద్ధం చెప్పను. దుప్పట్లు బండ మీద బాది, పిండి, నడుం పట్టుకుని మంచమెక్కిన రోజులు మీరు వచ్చాక లేవు. ఆ ఒక్క మాటకే మీ ఈఎంఐ కట్టాను. మీరు గిరగిరా తిరిగి షాబాదు బండల మీద గుమ్మం దాకా నడిచొచ్చిన రోజు కూడా తిట్టలేదు, కాళ్ల కింద సరిచేసి వెనక్కి తోశాను.

మే నెల వస్తోంది. ఆరబెట్టే బటన్ మీద అత్తమ్మ ఇప్పటికే ప్లాస్టర్ అంటించింది. మీ నెత్తి చదునుగా ఉందని మామిడికాయ తొక్కు జాడీలు అక్కడే పెడుతుందట. గిరగిరా తిరిగేటప్పుడు మాత్రం దించుతానని మాటిచ్చింది. మరిచిపోతే నన్ను కేకేయండి. ఎలాగూ పని అయిపోయిందని పాట పాడతారు కదా, ఆ పాట కొంచెం ముందే ఎత్తుకోండి.

ఇట్లు,
మీ రబ్బరు తుడిచే మనిషి