అంగన్‌వాడీకి రెండో టీచర్ కావాలి

విదేశాల నుంచి సెలవులకు విజయవాడ, గుంటూరు వెళ్లే మనవాళ్లు అక్కడి బడులకు కంప్యూటర్లు, పెద్ద టీవీలు కొనిచ్చి వస్తుంటారు. మనసు మంచిదే. కానీ ఆ డబ్బు మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు, అదీ ఒక మనిషి జీతంగా చేరాలని మా గట్టి అభిప్రాయం. పెరూ పల్లె బడుల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచి 15 నెలల తర్వాత పరీక్షిస్తే లెక్కల్లో, భాషలో తేడా ఏమీ కనపడలేదు.

మన పొరుగున తమిళనాడులో మాత్రం కనపడింది. 640 అంగన్‌వాడీలు తీసుకుని, చీటీలేసినట్టు ఎంచిన కేంద్రాల్లో చదువు చెప్పడానికే ఒకపూట ఇంకో మనిషిని పెట్టారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. 18 నెలలకు లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి. ఎదుగుదల ఆగిపోయిన పిల్లలూ తగ్గారు, ఎందుకంటే పాత టీచరుకు పోషణ పని చూసుకోను తీరిక చిక్కింది.

మన దగ్గర ఉండేది ఒక టీచరు, ఒక ఆయా. తూకాలు, రిజిస్టర్లు, ఫోన్లో యాప్, గుడ్లు, పాలు, టీకాల రోజు అన్నీ అయ్యాక మిగిలిన కాసేపట్లో పలక మీద అ, ఆ దిద్దిస్తారు. మూడేళ్ల వేళ్లకు బలపం ఇంకా నిలవదు. ఆ గీత నోట్లో ఏ చప్పుడో కూడా ఆ బిడ్డకు తెలియదు.

ముందు చెవి తయారవ్వాలి. కథ చెప్పి, అందులోని మాటలకు చప్పట్లు కొట్టించాలి: అ-ర-టి మూడు, బె-జ-వా-డ నాలుగు, గుం-టూ-రు మూడు. తర్వాత "అరటిలో అ తీసేస్తే ఏం మిగిలింది?" అని అడగాలి. మన లిపిలో ఒక్కో అక్షరం ఇలాంటి ఒక్కో ముక్కే కాబట్టి ఇది నేరుగా చదవడానికి పనికొస్తుంది. తొందర మాత్రం వద్దు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే రూపాలు వందల్లోకి వెళతాయి. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడలో నాలుగో తరగతి పిల్లలు కూడా ఇంకా అక్షరాలు నేర్చుకుంటూనే ఉన్నారని పరిశోధనలో తేలింది.

లెక్కలకు చింతగింజలు చాలు. ఐదు వరసగా పేర్చి లెక్కపెట్టించి, "మొత్తం ఎన్ని?" అనండి. మళ్లీ ఒకటి, రెండు అని మొదలుపెడితే ఆ బిడ్డకు అంకెల పాట వచ్చింది కానీ సంఖ్య ఇంకా అందలేదు. "నాకు మూడివ్వు" అంటే గుప్పెడు తీసి ఇస్తే కూడా అంతే. అప్పుడు రెండుకు తగ్గి, అక్కణ్ణించి ఒక్కొక్కటి పెంచాలి. వందదాకా అప్పజెప్పించినా ఈ లోటు తీరదు. (మూడేళ్లలోపు వాళ్లకు గింజలు అందనివ్వద్దు, నోట్లో పెట్టుకుంటారు.)

రెండో టీచరు ఆ వీధి మనిషే కావాలి. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుపోతే, ఇంటికెళ్లి పిలుచుకు రాగలిగేది ఆవిడే. జీతం రెండేళ్లకు సరిపడా ముందే పక్కన పెట్టండి. మధ్యలో ఆపితే పిల్లలకు అలవాటైన మనిషి పోతుంది. అంగన్‌వాడీలను పర్యవేక్షించే ప్రాజెక్టు అధికారి (సీడీపీవో) అనుమతి తీసుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదున్న సంస్థ ద్వారానే పంపాలి. భారత పాస్‌పోర్టుతో ఉంటూ బ్యాంకు ద్వారా పంపే సొంత సంపాదనకు ఆ నిబంధన లేదు.

లెక్క అడిగేటప్పుడు ప్రారంభోత్సవం ఫొటోలు అడగొద్దు. నెలలో ఎన్ని రోజులు చదువు జరిగిందో, "ఐదివ్వు" అంటే సరిగ్గా ఐదు గింజలు ఇచ్చినవాళ్లు మొదట్లో ఎంతమందో, ఆరు నెలలకు ఎంతమందో అడగండి.