గుడికి తాళం పడితే దివ్యసంస్కారాలకూ తాళమేనా?

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. పైన చేతులు జోడించిన బొమ్మలు, కింద "కతోలిక విశ్వాసులందరూ తప్పక చదవాలి, పదిమందికి పంపాలి" అన్న హెచ్చరిక. మా విచారణ (పారిష్) దేవాలయం పైకప్పు పెచ్చులూడుతోందని, తిరిగి కట్టడానికి మూసినప్పటి నుంచి ఇది ఆగకుండా తిరుగుతోంది. పంపేవాళ్ళు విశ్వాసం లేనివాళ్ళు కాదు, ఆదివారం నా పక్కన నిలబడి పాటలు పాడేవాళ్ళే. అందుకే నాకు కోపం, బాధ రెండూ ఎక్కువ.

చదవనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. గుడి మూసి ఉండగా బయట గురువు (ఫాదర్) చేసే పూజ, అంటే మాస్, చెల్లదట. కాబట్టి ఆదివారం తప్పక పూజలో పాల్గొనాలన్న బాధ్యత కూడా లేదట, టీవీలో చూస్తే అదే ఫలమట. పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం, ఫోన్‌లో చేసుకోవచ్చట. జ్ఞానస్నానం (బాప్తిస్మం), అవస్థ అభ్యంగనం (రోగికి గురువు తైలం పూసి ప్రార్థించడం), వివాహం లాంటి దివ్యసంస్కారాలు మాత్రం గుడి తెరిచేదాకా చేయించకూడదట, చేయిస్తే కుటుంబానికి కీడట. స్వరూపాలను (విగ్రహాలను) పీఠం మీద నుంచి దించడం అరిష్టమట. కానుకలు ఇవ్వనక్కర్లేదట. చివర్లో, జనానికి ఏమీ చెప్పకుండా తాళం వేశారని ఒక ఫిర్యాదు.

మొదట పూజ సంగతి. గుడి బయట చేసే పూజ చెల్లదని రాసినవాళ్ళు ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్ళకు ఎప్పుడూ వెళ్ళలేదా? కొండ కింద మైదానంలో వేదిక కట్టి, ఎండలో జనం కూర్చుని ఉండగా పీఠాధిపతులు (బిషప్పులు), గురువులు కలిసి చేసేది పూజ కాదా? మన పల్లెల్లో ఎన్ని సబ్‌స్టేషన్లలో, అంటే విచారణ కింది ఊళ్ళలో, గుడి కట్టకముందు చెట్టు కింద, రేకుల షెడ్డులో, ఎవరో ఒకరి ఇంటి వసారాలో పూజ జరిగింది? ఈ మెసేజ్ పంపినవాళ్ళలో కొందరి తల్లిదండ్రులు మొదటిసారి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) అందుకున్నది అలాంటి షెడ్డులోనే.

తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పూజ పవిత్ర స్థలంలో జరగాలి, అవసరం వచ్చినప్పుడు గౌరవప్రదమైన వేరే చోట చేయవచ్చు. 932వ నియమం చెప్పేది ఇదే. తగిన బల్ల ఉండాలి, దాని మీద వస్త్రం పరచాలి. గుడి మూసినప్పటి నుంచి పూజ జరుగుతున్న మా స్కూల్ హాల్లో సిస్టర్లు ప్రతి శనివారం సాయంత్రం బెంచీలు జరిపి, నేల కడిగి, బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్ల బట్ట పరుస్తున్నారు. దాన్ని చూసి కూడా "చెల్లదు" అనడానికి నోరెలా వస్తుంది?

పారిస్‌లో నోత్రదామ్ దేవాలయం 2019 ఏప్రిల్ 15న తగలబడింది. రెండు నెలలకే, జూన్ 15న, లోపలి చిన్న ప్రార్థనాలయంలో అక్కడి అగ్రపీఠాధిపతి తలకు తెల్ల హెల్మెట్ పెట్టుకుని పూజ చేశారు. ఆ తర్వాత అక్కడి ఆరాధనలు దగ్గర్లోని వేరే దేవాలయానికి మారాయి. 2024 డిసెంబరులో తలుపులు తెరిచేదాకా, అయిదేళ్ళకు పైగా, ఆ సంఘం అలాగే నడిచింది. అంతకుముందు 1576లో మిలాన్‌లో ప్లేగు వచ్చి జనాన్ని ఇళ్ళల్లోంచి కదలనివ్వనప్పుడు, అక్కడి పీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో వీధి కూడళ్ళలో బలిపీఠాలు పెట్టించారు. జనం కిటికీల్లోంచి పూజలో పాల్గొన్నారు. బైబిల్లో, త్రోయ అనే ఊళ్ళో పౌలు రొట్టె విరిచింది మూడో అంతస్తు మేడగదిలో. ఇంకా ఎన్ని చెప్పాలి?

ఇక ఆదివారం బాధ్యత. 2020లో మార్చి చివర లాక్‌డౌన్ పెట్టినప్పుడు పీఠాధిపతులు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ ఏడాది మ్రానికొమ్మల ఆదివారం ఏప్రిల్ 5న, ఈస్టర్ 12న వచ్చాయి. రెండూ ఇళ్ళల్లోనే గడిచాయి. మందిరాలు తెరవడానికి అనుమతి జూన్ 8 నుంచి గాని రాలేదు. అప్పుడు జనం గుమిగూడటమే ప్రమాదం, అందుకే మినహాయింపు. ఇప్పుడు రోడ్డు దాటితే హాల్లో పూజ జరుగుతోంది. ఆనాటి మినహాయింపును తెచ్చి ఈనాటి బద్ధకానికి అతికించకండి. నిజంగానే పూజకు వీలుకాని పరిస్థితి వస్తే చేయాల్సింది కూడా తిరుసభ చెప్పింది: వాక్య పరిచర్యలో పాల్గొనడం, లేదా ఒంటరిగానో కుటుంబంగానో కొన్ని కుటుంబాలు కలిసో తగినంత సేపు ప్రార్థించడం. ఉపదేశి (ఊళ్ళో ఉండే బోధకుడు) ఆధ్వర్యంలో ఇది మన పల్లెలకు ఎప్పటి నుంచో అలవాటే.

టీవీ పూజను నేను తక్కువ చేయడం లేదు. మంచం దిగలేని అవ్వకు ఆదివారం పొద్దున ఆ పూజ ఎంత ఊరటో నాకు తెలుసు. జబ్బుతో పూజకు వెళ్ళలేకపోయిన పునీత క్లారాకు ఆ పూజ దృశ్యం గది గోడ మీద కనబడిందన్న సంప్రదాయాన్ని బట్టే 1958లో పన్నెండో పయస్ జగద్గురువులు (పోపు) ఆమెను టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించారు. కానీ నడవగలిగి, బండి నడపగలిగి, బజారుకు వెళ్ళగలిగినవాడికి అది పూజకు బదులు కాదు. లాక్‌డౌన్ మధ్యలోనే, 2020 ఏప్రిల్ 17న, జగద్గురువులు ఫ్రాన్సిస్ ఈ సంగతి హెచ్చరించారు. సంఘం లేకుండా, సంస్కారాలు లేకుండా తెర మీద మాత్రమే నడిచే బంధం ప్రమాదమన్నారు. మెసేజ్‌లో ఇంకో వాక్యం ఉంది, టీవీ ముందు రొట్టె, ద్రాక్షరసం పెట్టుకుంటే అవి ఆశీర్వాదం పొందుతాయని. అలా జరగదు. దూరంగా ఉన్నవాళ్ళు చేయగలిగింది ఆత్మీయంగా దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించడం, అంటే ప్రభువును హృదయంలోకి రమ్మని ప్రార్థించడం. దానికి పళ్ళెం, గ్లాసు అక్కర్లేదు.

ఫోన్‌లో పాపసంకీర్తనం లేదు. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు ఉండవని 2002లోనే వాటికన్ పత్రం చెప్పింది. గురువు దగ్గరకు వెళ్ళాలి. గురువు దొరకనే దొరకకపోతే ఏం చేయాలో 2020 మార్చి 20న ఫ్రాన్సిస్ జగద్గురువులే చెప్పారు: దేవుని మీద ప్రేమతో ఉత్తమ మనస్తాపపడి, వీలైనంత త్వరగా పాపసంకీర్తనం చేస్తానని గట్టిగా నిశ్చయించుకోవాలి. మనకు ఆ ఇబ్బంది కూడా లేదు. శనివారం సాయంత్రం ఫాదర్‌గారు స్కూల్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైవన్నీ తప్పులు. ఇది మాత్రం మనుషులకు హాని చేసే తప్పు.

"గుడి తెరిచేదాకా జ్ఞానస్నానం, అవస్థ అభ్యంగనం చేయించకూడదు, చేయిస్తే కీడు." ఇది రాసినవాళ్ళకు తిరుసభ గురించి తెలియదు, చావు గురించీ తెలియదు. మా విచారణలోనే ఒక పెద్దావిడ చాలాకాలం మంచాన పడి ఉంది. ఆమె రోజూ జపమాల చెప్పుకునే మనిషి. పరిస్థితి విషమించాక కోడలు ఫాదర్‌గారిని పిలుద్దామంది. ఇంట్లో ఎవరో ఈ మెసేజ్ చూపించి, గుడి తెరిచాక చేయిద్దాం, ఇప్పుడు కీడంటున్నారు కదా అన్నారు. ఆమె గుడి తెరిచేదాకా ఆగలేదు. ఫాదర్‌గారి బంగళా ఆ ఇంటికి రెండు వీధుల అవతలే ఉంది. కబురు వెళ్తే ఆయన అర్ధరాత్రయినా తైలం తీసుకుని వచ్చేవారు. ఆ తల్లి దేవుని కనికరంలో ఉందని నేను నమ్ముతున్నాను. దేవుడు తన సంస్కారాలకు తాను బందీ కాడు. కానీ ఆమె కోరుకున్న ఓదార్పు ఆమెకు దక్కకుండా చేసింది ఒక ఫార్వర్డ్. ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టను. వాళ్ళు భయపడ్డారు. భయపెట్టినవాళ్ళను అడుగుతున్నాను, ఆ "కీడు" అన్న మాట మీకు ఎక్కడ దొరికింది? ఏ నియమంలో? ఏ సువార్తలో?

అవస్థ అభ్యంగనం ఎక్కువగా జరిగేదే గుడి బయట. ఇంట్లో మంచం పక్కన, ఆసుపత్రి వార్డులో, ఒక్కోసారి ప్రమాదం జరిగిన రోడ్డు మీద. రోగిని గుడికి మోసుకు రమ్మని యాకోబు లేఖ చెప్పలేదు, సంఘపు పెద్దలను రోగి దగ్గరకు పిలిపించమని చెప్పింది. అవసరం వస్తే ఇవ్వడానికి గురువులు తైలాన్ని వెంట తీసుకెళ్ళడానికి చట్టమే వీలిచ్చింది. మరణావస్థలో ఇచ్చే దివ్యసత్ప్రసాదాన్ని కూడా మరీ ఆలస్యం చేయవద్దని నియమం. ఇందులో గుడి తాళానికి సంబంధమేముంది?

జ్ఞానస్నానం కూడా అంతే. మామూలుగా గుడిలోనే ఇవ్వాలి, నిజమే. గుడి మూసి ఉంటే పీఠాధిపతి అనుమతితో వేరే చోట, లేదా పక్క విచారణలో ఇస్తారు. నెలల తరబడి ఆపక్కర్లేదు, పుట్టిన మొదటి వారాల్లోనే ఇప్పించాలని తల్లిదండ్రులకు చట్టం గుర్తుచేస్తోంది. ఇక బిడ్డ ప్రాణం మీదికి వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. గురువు అందకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు: తల్లి, నర్సు, పక్కింటివాళ్ళు. తిరుసభ చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉండాలి. బిడ్డ తల మీద నీళ్ళు పోస్తూ, పేరు పెట్టి పిలిచి, "తండ్రి యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అని చెప్పాలి. అది నిజమైన జ్ఞానస్నానం. తర్వాత విచారణకర్తలకు (ఫాదర్‌గారికి) చెప్పి రిజిస్టరులో రాయించాలి. బిడ్డ కోలుకుంటే మిగిలిన తంతు గుడిలో పూర్తి చేస్తారు, మళ్ళీ నీళ్ళు పోయరు. పదిమందికి పంపాలనుకుంటే ఈ పేరా పంపండి. ప్రసూతి వార్డులో ఎవరికైనా పనికొస్తుంది.

జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని నిషేధించారు. గుళ్ళు పోయాయి, గురువులు వెళ్ళగొట్టబడ్డారు, చంపబడ్డారు. అయినా రెండు వందల ఏళ్ళకు పైగా మామూలు రైతులు, జాలరులు తమ పిల్లలకు తామే రహస్యంగా జ్ఞానస్నానం ఇచ్చుకుంటూ వచ్చారు. 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన ఔరా దేవాలయానికి కొందరు వచ్చి, అక్కడి ఫ్రెంచి గురువు పెతీజాన్‌తో మా విశ్వాసమూ మీదే అని చెప్పుకుని, మరియతల్లి స్వరూపం ఎక్కడని అడిగారు. తరాల తరబడి గుడి లేకుండా వాళ్ళు నిలబెట్టుకున్నదాన్ని, గుడి తిరిగి కట్టడం పేరు చెప్పి మనం వదిలేసుకుందామా?

పెళ్ళిళ్ళకు పక్క విచారణ దేవాలయం ఉంది, కావాలంటే పీఠాధిపతి అనుమతి ఉంది. దినం మార్చుకోవాల్సింది ఫంక్షన్ హాలు ఖాళీ లేకపోతేనే.

స్వరూపాలను దించితే అరిష్టం అన్నది మూఢనమ్మకం. సిమెంటు, దుమ్ము పడకుండా జాగ్రత్తగా తీసి దాచారు. అంతే.

కానుకలు. హాలుకూ కరెంటు బిల్లు వస్తుంది, ఉపదేశి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. కట్టడం ఖర్చు సంగతి వేరే చెప్పాలా? పూజకు రాకుండా, కానుక ఇవ్వకుండా, గుడి ఎప్పుడు పూర్తవుతుందని గ్రూపులో అడిగేవాళ్ళకు జవాబు చెప్పే ఓపిక నాకు అయిపోయింది.

చివరి ఫిర్యాదు మాత్రం నిజం. దాన్ని నేను ఒప్పుకుంటున్నాను. గుడి మూసే ముందు ఆదివారం పూజ చివర్లో ప్రకటన ఒక నిమిషంలో ముగిసింది. దివ్యసత్ప్రసాదాన్ని ఎక్కడికి మార్చారో చాలామందికి తెలియదు. సిస్టర్ల మఠంలోని ప్రార్థనాలయంలో ఉందని, రోజూ సాయంత్రం అక్కడ ఆరాధనకు వెళ్ళవచ్చని నాకు తెలిసేసరికే చాలా ఆలస్యమైంది. తాళం వేసిన గేటు ముందు నిలబడి, లోపల దేవుడు ఉన్నాడో లేడో తెలియక దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయిన ముసలివాళ్ళను నేను చూశాను. తమ పెళ్ళి జరిగిన గుడి, తల్లిదండ్రుల శవపేటిక పెట్టిన గుడి పడగొడుతుంటే వాళ్ళకు వచ్చే దుఃఖానికి ఒక నిమిషం ప్రకటన సరిపోదు. పెద్దలు చెప్పాల్సింది చెప్పి ఉంటే ఈ మెసేజ్‌కు ఇంత చోటు దొరికేది కాదు.

కాబట్టి విచారణ సలహా సంఘంలో ఉన్నవాళ్ళకు నా విన్నపం. గేటుకు ఒక బోర్డు కట్టించండి. పూజ ఎక్కడ, ఎన్ని గంటలకు, పాపసంకీర్తనం ఎప్పుడు, దివ్యసత్ప్రసాదం ఎక్కడ ఉంది, జ్ఞానస్నానం కోసం ఎవరిని కలవాలి అన్నవి పెద్ద అక్షరాల్లో రాయించండి. రోగుల కోసం ఏ వేళనైనా చేయదగ్గ ఫోన్ నంబరు అన్నిటికంటే పైన ఉండాలి. చదవలేనివాళ్ళ ఇళ్ళకు ఈ వారమే చిన్న క్రైస్తవ సంఘాల పెద్దలు వెళ్ళి చెప్పాలి, మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకు ముందుగా.