ఫ్రీ బకెట్ ఖరీదు

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్లను వెక్కిరిస్తుంటారు. ఇది ఘోరమైన అభాండం. టెక్సాస్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, ఒక్క చుక్క ఫినాయిలు ముట్టలేదు. ఫ్రీగా వచ్చిన బకెట్‌లో బీరు పులియబెట్టుకుని తాగానంతే. రెండిటికీ తేడా ఉందని నా వాదన. మొదటి గుక్క తాగిన మిత్రులు ఒప్పుకోలేదు.

ముందే చెబుతున్నా, ఇక్కడ ఇది నేరం కాదు. 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యాన ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. (అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా బెట్టు చేశాయి.) ఇదే పని మా ఊళ్లో చేస్తే మర్నాడు జిల్లా పేజీలో 'బెల్లం ఊట ధ్వంసం' అని ఫొటో పడుతుంది. బీరు వాసనే పడని మా ఆవిడను కూడా లెక్కలో వేసి, 200 గ్యాలన్ల హక్కు సంపాదించాను.

ఇక బకెట్. బర్గర్ షాపు వెనక దోసకాయ ఊరగాయ ఖాళీ బకెట్లు పడి ఉంటాయి. అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. ఆ సంతోషం చూసైనా నేను అనుమానించాల్సింది. ఐదు గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. గట్టి ప్లాస్టిక్, గట్టి మూత. మూత తీస్తే సోయకూర (ఇక్కడి డిల్), వెల్లుల్లి, వెనిగర్ మూడూ కట్టకట్టుకుని పలకరించాయి.

సబ్బుతో కడిగాను. సబ్బు వాసన, దాని వెనకే ఊరగాయ వాసన. వంటసోడా కలిపిన వేడినీళ్లు రాత్రంతా ఉంచాను. న్యూస్‌పేపర్లు ఉండలు చుట్టి మూతపెట్టాను. బ్లీచ్ దగ్గరికొచ్చేసరికి వెనిగర్ కూడా కలిపితే రెట్టింపు పని చేస్తుంది కదా అని ఒక మహత్తర ఆలోచన వచ్చింది. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువని మా అమ్మాయి కెమిస్ట్రీ పుస్తకం చూపించి నా ప్రాణం కాపాడింది. స్టీల్ పీచు కూడా లాక్కుంది. గీతలు పడితే వాటిలో బ్యాక్టీరియా కాపురం పెట్టి బీరును పులగొడుతుందట.

అసలు సంగతేమిటంటే వాసన బకెట్ మీద లేదు, బకెట్‌లోనే ఉంది. ఈ ప్లాస్టిక్‌కు నూనె స్వభావమున్న వాసనలంటే మక్కువ. నెలల తరబడి లోపలికి ఇంకిన వాసనకు పైపై కడుగుడు తగలదు. వచ్చినంత నిదానంగానే పోతుంది. ఎండ, గాలి, ఓపిక కావాలి. మూత లోపలి రబ్బరు రింగు మరీ మొండిది, దాన్ని మార్చేయడమే.

ఈ సంగతి తెలిసేలోపు సోడా, క్లీనింగ్ పౌడర్లు, కొత్త మూత కలిపి ముప్ఫై డాలర్లు దాటాయి. కొత్త బకెట్ పది డాలర్ల లోపే. నేను ఆఫీసులో చూసేది ఖర్చుల ఆడిట్.

అమ్మకు వీడియోకాల్‌లో చూపించాను.

"ప్లాస్టిక్‌లో ఊరగాయ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా?"

"పెట్టింది నేను కాదమ్మా, బర్గర్ షాపువాడు."

"వాడింట్లో జాడీల్లేవూ?"

మొదటి కాపు బీరు అచ్చం ఊరగాయ నీళ్లే. రెండు వారాల పాటు ఆల్కహాలు నానుతూ ఉంటే, నేను లాగలేని వాసనను అది శ్రద్ధగా లాగేసింది. పారబోయడానికి మనసొప్పలేదు. జర్మనీలో ఉప్పు, ధనియాలు వేసి 'గోజె' అనే పుల్ల బీరు చేస్తారని గుర్తొచ్చింది. లేబుల్ మీద 'డిల్ పికిల్ గోజె' అని రాసి ఆఫీసు పార్టీకి పట్టుకెళ్లాను. గడ్డం పెంచుకున్న ఇద్దరు కళ్లు మూసుకుని చప్పరించి, చాలా సాహసం చేశావన్నారు. రెసిపీ అడిగారు. వ్యాపార రహస్యమన్నాను.

రెండో కాపు కూడా ఊడ్చుకుపోయింది. వచ్చే నెల పార్టీకి రెండు బకెట్లు కావాలని ఆర్డరు. నిన్న మూడో కాపు మూత తీశాను. శుభ్రమైన, మర్యాదస్తుడైన, మామూలు బీరు. ముక్కు బకెట్‌లో పెట్టి చూశాను. ఏమీ లేదు.

ఇప్పుడు బర్గర్ షాపుకే బయల్దేరుతున్నాను. ఈసారి కడగకుండా ఇమ్మని అడగాలి.