సవరణ: నిరుపేద దావాలో నిపుణుడి ఫీజు

అమ్మకపు ఒప్పందంపై సంతకాన్ని ప్రతివాది కాదన్నప్పుడు, నిరుపేదగా దావా వేసిన వాది చేతిరాత నిపుణుడి ఫీజు కూడా కట్టనక్కర్లేదని మొన్న నేను రాసింది తప్పు. గుంటూరులో సివిల్ దావాలు నడిపే న్యాయవాది ఒకరు చెప్పాక సివిల్ ప్రొసీజర్ కోడ్ తెరిచి సరిచూసుకున్నాను. నిరుపేదల దావాల గురించిన 33వ ఆర్డరు మినహాయించేది కోర్టు ఫీజును, సమన్లు పంపే ప్రాసెస్ ఫీజును మాత్రమే. నిపుణుణ్ణి సాక్ష్యానికి పిలిపిస్తే, 16వ ఆర్డరు 2వ రూలు ప్రకారం, రాకపోకల ఖర్చుతో పాటు ఆయన వెచ్చించిన కాలానికి కోర్టు సబబని అనుమతించే ప్రతిఫలాన్నీ పిలిపించిన పక్షమే జమ చేయాలి. కూలి డబ్బుతో దావా నడిపేవారికి అసలు బరువు ఇక్కడే పడుతుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద అందే ఉచిత న్యాయ సాయం వేరు; స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు అందులో ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయ సేవల అధికార సంస్థకు ఈ సాయం కోసం పెట్టే అర్జీలోనే నిపుణుడి ఖర్చును విడిగా రాసి అడగండి.