ఆస్ట్రేలియాలో వానలు తగ్గాయా, పెరిగాయా?

రెండూ నిజమే. అందుకే అక్కడ ఈ వాదన ఓ పట్టాన తెగదు. ఎండల విషయంలో పెద్దగా గొడవ లేదు, 1910 నుంచి చూస్తే ఖండం సగటున దాదాపు 1.5 డిగ్రీలు వేడెక్కింది, 2022 జనవరిలో పశ్చిమ తీరంలోని ఆన్‌స్లోలో 50.7 డిగ్రీలు నమోదైంది. చిక్కంతా వానతోనే. దేశం మొత్తానికి సగటు తీస్తే వర్షపాతం పడిపోయినట్టు కనిపించదు, ఎందుకంటే ఉత్తరాన డార్విన్ వైపు వానలు పెరిగాయి. అంతా బాగానే ఉందనేవాళ్లు ఈ సగటునే పట్టుకు వేలాడతారు.

కానీ జనమూ, గోధుమ పొలాలూ ఎక్కువగా ఉన్నది దక్షిణాన. అక్కడ పంటకు ఆధారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పడే వానలు. నైరుతి మూలలో అవి 1970 నుంచి సుమారు 16 శాతం తగ్గాయి. ఆ నెలల్లో (అక్కడ అది చలికాలం) వాన తెచ్చే అల్పపీడనాలు దక్షిణ ధ్రువం వైపు జరిగిపోతున్నాయి, తీరం మీద అధిక పీడనం బలపడుతోంది.

పదహారు శాతమేగా అనిపిస్తుంది. ఆ మూలనే ఉన్న పెర్త్ నగరం డ్యాముల్లోకి చేరే నీళ్లు మాత్రం సగానికి పైగా పడిపోయాయి! ఎండిన నేల మీద పడ్డ తొలి వానలు వాగు దాకా రావని మన రైతుల్లో ఎవరినడిగినా చెబుతారు. అక్కడా అంతే, నేల పదునయ్యేసరికే సీజన్ సగం గడిచిపోతోంది, భూగర్భజలం లోతుకు దిగాక వాగుల్లో ఊట కూడా ఉండదు.

2019 ఆస్ట్రేలియాకు రికార్డుల్లోకెల్లా వేడి ఏడాది, పొడి ఏడాది కూడా. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమట వేడెక్కి ఇండోనేషియా వైపు చల్లబడింది, దాంతో ఆస్ట్రేలియాకు వాన తగ్గింది. ఆ తేడాయే మన నైరుతి రుతుపవనాలకు కొంత కలిసొచ్చి దేశంలో మామూలు కంటే 10 శాతం ఎక్కువ వాన పడింది. ఒక ఏడాది కరువును సముద్రం మీదకు తోసేయొచ్చు గానీ, యాభై ఏళ్ల తగ్గుదలకు ఆ సాకు చాలదు.

ఉత్తరాన నీళ్లున్నాయిగా, తెచ్చుకుంటే పోలా అన్న మాటా పుట్టింది (నదుల అనుసంధానం గురించి వినీ వినీ ఉన్న మనకు ఇది కొత్తేం కాదు). 2005 ఎన్నికల్లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రతిపక్ష నేత కొలిన్ బార్నెట్, ఉత్తరాన ఉన్న కింబర్లీ ప్రాంతం నుంచి పెర్త్‌కు సుమారు 3,700 కిలోమీటర్ల కాలువ తవ్విస్తానని హామీ ఇచ్చి ఓడిపోయారు. ఆ మరుసటి ఏడాదే పెర్త్ దగ్గరి క్వినానాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మొదలైంది, 2011లో బినింగప్‌లో మరొకటి వచ్చింది. కరెంటు బాగా తాగుతాయి, అయినా పెర్త్ కుళాయి నీళ్లలో ఇప్పుడు పెద్ద వాటా వాటిదే. నగరానికి ఉత్తరాన అల్కిమోస్‌లో ఇంకొకటి కడుతున్నారు.